వీపు నొక్కి చూసే మనిషి

సిద్దిపేట పాత బస్టాండు దగ్గర బొమ్మకార్లు రిపేరు చేసే ఒకాయన ఉండేవాడు. ఏ బండి చేతికిచ్చినా ముందు దాని వీపు మీద అరచెయ్యి పెట్టి నొక్కేవాడు. స్ప్రింగుల మీద అది మళ్లీ పైకి లేస్తుందా లేదా అని చూసేవాడు.

నా పద్ధతి వేరు. మాది ఇత్తడి సామాన్ల దుకాణం. ఏదైనా చేత్తో ఎత్తి, బరువుంటే గట్టిదనుకునే వంశం. మా పాప రిమోట్‌తో ఉరికే చిన్న బగ్గీ కారు అడిగితే, తేలిగ్గా ఉందని పక్కన పెట్టించి, గంటసేపు బేరమాడి అదే ధరకు పెద్ద చక్రాల మాన్‌స్టర్ ట్రక్కు కొన్నాను. ఆ బేరం గురించి బజారంతా గొప్పగా చెప్పుకున్నాను కూడా. మూడో రోజు అది మెట్ల మీంచి పడి ఇరుసు విరిగింది. పాప నాతో మాట్లాడటం మానేసింది.

జరిగింది చెప్పి ట్రక్కు చేతికిస్తే, పాప చూస్తుండగా బస్టాండు దగ్గరి ఆయన దాని వీపు నొక్కాడు. అది లేవలేదు.

"గిది బిందె కాదు సేటూ. ఎంత బరువుంటే గంత గట్టిగ పడ్తది. బగ్గీ అయితే ఎగిరిపడి మల్ల ఉరుకుతుండె."

"బాగుచేస్తే మల్ల ఇరగదు గదా?"

"ఇరుగుతది. బిడ్డ చెప్పంగనే ఇనకపోతివి."

మర్నాడు బగ్గీ కొనడానికి పోయాం. అలవాటుగా ఎత్తి చూడబోయాను.

"చెయ్యి తియ్యి డాడీ," అని పాప దాని వీపు నొక్కింది. అది చటుక్కున లేచింది. అప్పుడు పాప నా వైపు చూసి నవ్వింది. ఆ సంతోషంలో దుకాణదారు చెప్పిన ధరే ఇచ్చి వచ్చాను. ఈ సంగతి మాత్రం బజారులో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.