ఊరికే పడుకోవడం

మా అన్న భార్య ఎడువీనా పెళ్లయిన నాటినుంచీ కెరెతారో ఊరి బజారులో తమాలెలనే పిండివంట అమ్ముతూ వచ్చింది. మొక్కజొన్న పిండి గిలక్కొట్టడం, పొత్తుల ఆకుల్లో చుట్టడం, ఆవిరికి పెట్టడం. ఆ చేతులు ఖాళీగా ఉండగా నేను చూడలేదు. అలాంటిది పోయిన వానాకాలం కొట్టు మూసి, గోడవైపు తిరిగి పడుకుంది. "బద్ధకం" అన్నారు ఇరుగుపొరుగు. ఆ మాట తనూ నమ్మింది. నాకు భయం వేసింది అందుకే.

దిగులు జబ్బు మీద పరిశోధనకు పెద్దాసుపత్రిలో మెదడు ఫొటోలు తీస్తున్నారని వదినకు మందులిచ్చే డాక్టరమ్మ చెప్పింది. వదిన వెంటనే ఒప్పుకుంది.

"జబ్బో బద్ధకమో తేలిపోతుంది కదా!"

అక్కడ ఫొటోల మిషను నడిపే యారెలి అనే అమ్మాయి వదినను దాని గొట్టంలోకి పంపుతూ, "నిద్రపోవద్దు, ఏ పనీ పెట్టుకోవద్దు. ఎదురుగా కనిపించే గుర్తును చూస్తూ ఊరికే పడుకోండమ్మా" అంది.

వదిన వెలిగే ముఖంతో బయటికొచ్చింది. "జపమాల సగం పూర్తిచేశా. కదలొద్దన్నారుగా, మనసులోనే."

యారెలి నుదురు కొట్టుకుంది. "అయ్యో! ఊరికే పడుకోమంటే జపం చేశారా?"

"సిలువ చూపించింది నువ్వేగా! దణ్ణం పెట్టుకోకుండా గుడ్లప్పగించి చూడమంటావా?"

"అది సిలువ కాదమ్మా, చూపు నిలవడానికి పెట్టిన కూడిక గుర్తు. మీకు పనేమీ లేనప్పుడు మెదడు తనంతట తాను ఏం చేస్తుందో చూడాలి మేం. మళ్లీ పడుకుంటారా? ఇష్టం లేకపోతే ఇంటికెళ్లొచ్చు."

వదిన ముఖం వాడిపోయింది. "పని లేకపోతే అవన్నీ వచ్చి మీద పడతాయే, పిల్లా."

"రానివ్వండి. భయమేస్తే చేతిలో బంతి నొక్కండి, బయటికి తీసేస్తాను."

నేను తలుపు బయట కూర్చుని ఆ మిషను మోత విన్నాను. ఈసారి వదిన చెమటతో తడిసి బయటికొచ్చింది.

"బంతి నొక్కావా వదినా?"

"పట్టుకునే ఉన్నా. నొక్కలేదు." యారెలివైపు తిరిగింది. "చెప్పు, నాది బద్ధకమేనా?"

"ఒక్కరి ఫొటో చూసి ఏమీ చెప్పలేమమ్మా. చాలామందివి కలిపి చూడాలి."

వదిన చెప్పులేసుకుని బయల్దేరింది. ఇంతా చేసి ఉత్త చేతులతో వెళ్తున్నామే అనుకున్నాను. బస్సు ఆగే చోట వదిన అడిగింది.

"బద్ధకస్తులకి ఊరికే పడుకోవడం హాయిగా ఉంటుంది కదా?"

"ఉండదూ మరి!"

"నాకు నిండు గంగాళం ఒంటిచేత్తో మోసినట్టుంది. అయితే నాది బద్ధకం కాదు."

అక్కడి బండి దగ్గర రెండు తమాలెలు కొన్నాను. వదిన ఒకటి కొరికి, మొహం చిట్లించింది.

"పిండి సరిగ్గా గిలక్కొట్టలేదు. చిటికెడు పిండి తీసి నీళ్లలో వేస్తే తేలాలి, తెలుసా? ఇదేమో రాయి."

అని, మొత్తం తినేసింది.