నీళ్లు ముట్టని వియ్యంకుడు

ఇద్దరు పెద్దమనుషులు తగవులాడుకుంటే సర్దిచెప్పడానికి నలుగురు వస్తారు. అదే ఇద్దరూ ఒకరినొకరు అతిగా గౌరవించుకుంటుంటే ఎవరూ రారు. దాని బరువంతా ఇంట్లో ఉన్న ఆడవాళ్ల మీద పడుతుంది. నేను ఆ బరువును కొన్నేళ్లు మోశాను. ఇప్పుడు తలచుకున్నా నీరసం వస్తుంది.

మైసూరు మహారాజుల కాలం అది. మా మామగారు పావగడ మునిసిపాలిటీకి ప్రెసిడెంటు. మా నాన్నది వై.ఎన్.హొసకోట దగ్గర వ్యవసాయం. ఏటా దసరాకు మైసూరులో కూడే ప్రతినిధుల సభకు మా తాలూకా తరఫున వెళ్లే మెంబరు ఆయనే. ఊరికి ఏం కావాలో చూడడం మామగారి పని, దాన్ని మైసూరు దాకా మోసుకెళ్లి దివాన్ గారి ముందు లేచి నిలబడి అడగడం నాన్న పని. సభలో ఒక్కో మెంబరు ఏ రెండు మూడు సంగతులో ఎత్తడానికే వీలుండేది. అవేమిటన్నది దసరాకు ముందే ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. ఆ కూర్చోవడం మా ఇంటి పడసాలలోనే.

ఇద్దరూ వియ్యంకులు కాకపోయి ఉంటే ఊరు ఇంకాస్త బాగుపడేదని నా నమ్మకం. మగపెళ్లివారు కాబట్టి ఏది అడిగినా అధికారం చూపినట్టు ఉంటుందని మామగారు అడగరు. పిల్లనిచ్చినవాడు కాబట్టి ఏం చెప్పినా ఎదురు చెప్పినట్టు ఉంటుందని నాన్న చెప్పడు. "మీరెట్ల చెప్తే అట్లే బావా" అని నాన్నంటే, "నాదేముండాది బావా, పోయేది మీరు కదా" అని మామగారు. పొద్దున్నే మొదలుపెడితే మధ్యాహ్నానికి ఒక్క సంగతి తేలేది. అది హిందూపురం రోడ్డు. ఎవరినీ నొప్పించని సంగతి అదొక్కటే కాబట్టి ప్రతి ఏడూ ముందు అదే తేలేది.

దీనికి తోడు మా వాళ్లలో ఒక పట్టింపు. కూతురికి బిడ్డ పుట్టేదాకా తండ్రి ఆమె అత్తవారింట అన్నం తినడు, మంచినీళ్లు కూడా ముట్టడు. అందుకని నాన్న హొసకోట నుంచి ఎద్దుల బండిలో వచ్చేటప్పుడు మరచెంబులో తన నీళ్లు తనే తెచ్చుకునేవాడు. పడసాలలో చాప మీద కూర్చుని, గొంతు ఎండినప్పుడల్లా మూత తిప్పి రెండు గుక్కలు తాగి మళ్లీ బిగించేవాడు. వంటింట్లో కుండ నిండా చల్లటి నీళ్లు పెట్టుకుని నేను ఆ మూత చప్పుడు వింటూ ఉండేదాన్ని. పెళ్లయిన కొత్తలో నాకు నవ్వొచ్చేది. మామగారు కూడా సరదాగా, "ఇంకెన్నాళ్లులే బావా, మా కోడలు తొందరగానే మీ చెంబు మాన్పిస్తుంది" అనేవారు.

మా అమ్మ నా పెళ్లికి ముందే పోయింది. పుట్టింట్లో పురుడు పోసే ఆడదిక్కు లేదు. కాబట్టి నా మొదటి కాన్పు పావగడలోనే జరిగింది. బిడ్డ అడ్డం తిరిగింది. వచ్చిన మంత్రసాని ముసలిది, మంచిది, తనకు తెలిసిందంతా చేసింది. ఆడబిడ్డ పుట్టింది గానీ ఏడవలేదు. ఆసుపత్రిలో డాక్టరు ఉన్నాడు గానీ మగవాడు. కాన్పు గదిలోకి ఆయన్ను రానిచ్చే ఇల్లు మా ఊళ్లో ఒక్కటీ లేదు, ప్రెసిడెంటు గారి ఇంటితో సహా.

కొన్నాళ్లకు ఆ డాక్టరే మా పడసాలకు వచ్చి ఇద్దరికీ విడమరిచి చెప్పాడు. కాన్పుల పని నేర్చుకున్న నర్సు ఒకామె ఆసుపత్రిలో ఉంటే ఇలాంటి బిడ్డల్లో చాలామంది బతుకుతారని, పై నుంచి మంజూరు కావాలంటే ఎవరో ఒకరు సభలో అడగాలని అన్నాడు. ఇద్దరూ తల ఊపారు. నేను తలుపు వెనక ఉన్నాను. ఆ తల ఊపడం చూసి నాకు ఎంత ఆశ కలిగిందో చెప్పలేను.

ఆ దసరాకు నాన్న నల్లకోటు, జరీ తలపాగా మూట కట్టుకుని హిందూపురం దాకా బండిలోనూ, అక్కడి నుంచి రైల్లోనూ వెళ్లాడు. తిరిగొచ్చి మామగారికి మైసూరు ఊదుబత్తీలు ఇచ్చాడు. దివాన్ గారు రోడ్డు సంగతి శ్రద్ధగా విన్నారని చెప్పాడు. నర్సు మాట రాలేదు.

ఎందుకు రాలేదో నాకు మెల్లమెల్లగా అర్థమైంది. ఆ సంగతి తను ఎత్తితే, మీ కూతురు బిడ్డను నిలుపుకోలేకపోయిందని వియ్యంకుడి మొహం మీద అన్నట్టు ఉంటుందని మామగారు ఎత్తలేదు. తాలూకా తరఫున వెళ్లి సొంత కూతురి కోసం అడుక్కున్నట్టు ఉంటుందని నాన్న అడగలేదు. ఒకరి మర్యాద ఇంకొకరికి కనబడుతూనే ఉంది. దాన్ని ఇద్దరూ మెచ్చుకుంటున్నారు కూడా. నా కడుపు సంగతి మాత్రం ఆ మర్యాదలో ఎక్కడా లేదు.

రెండో కాన్పూ అలాగే అయింది. ఈసారి మగబిడ్డ. మళ్లీ దసరా వచ్చింది, మళ్లీ రోడ్డే వెళ్లింది. మామగారు చెంబు గురించి సరదా మాటలు మానేశారు. నాన్న నా వైపు చూడడం తగ్గించాడు. నాకు కోపం కూడా అంతగా రాలేదు. ఎండాకాలంలో నీళ్లకు బారులో నిలబడితే కాళ్లు ఎలా మొద్దుబారతాయో, మనసు అలా అయిపోయింది.

మూడోసారి నేను ఐదో నెలలో ఉండగా దసరా దగ్గరపడింది. నాన్న వచ్చాడు. పడసాలలో మళ్లీ మీరంటే మీరు మొదలైంది. రోడ్డు తేలింది. వేరుశనగ విత్తనాలు తేలాయి. ఇంకేమైనా ఉందా అని మామగారు అడిగారు. నాన్న మరచెంబు మూత తిప్పుతూ, ఏమీ లేదన్నాడు. ఆ మూత చప్పుడు వినగానే నాలో ఏదో తెగిపోయింది. మామగారి ఎదుట ఎన్నడూ గడప దాటి నిలబడని దాన్ని, పడసాలలోకి వచ్చాను.

"నాయనా, ఆ నర్సు మాట ఈసారన్నా అడుగుతావా? లేకుంటే నేనే నీ బండెక్కి మైసూరుకొచ్చి అడగల్లా?"

నాన్న మామగారి వైపు చూశాడు, మామగారు నేల వైపు చూశారు. మామగారే ముందు అన్నారు. "అడగండి బావా. ఇది మన ఇంటి మాట గాదు. ఊరి మాట." రెండేళ్లుగా నేను ఎదురుచూసిన మాట అది. ఆ మాట వచ్చాక సంతోషించే ఓపిక కూడా నాలో మిగల్లేదు. వంటింట్లోకి వెళ్లి పీట మీద కూలబడ్డాను.

నాన్న అడిగాడు. తన వంతు రాగానే రోడ్డును పక్కనపెట్టి ముందు ఇదే అడిగాడట. అడిగిన ఆ ఒక్కసారికే మంజూరైంది. నన్ను ఇప్పటికీ కుంగదీసేది అదే. కాదన్నవాళ్లు ఎవరూ లేరు. రోడ్డు కోసం అన్నేళ్లు అడిగినవాళ్లు దీన్ని అంతకుముందు ఒక్కసారీ అడగలేదు, అంతే.

మంజూరైతే మరునాడే మనిషి రాదు కదా. ఆమెకు ఇల్లు చూడాలి, ఉత్తర్వు రావాలి. మామగారు మునిసిపాలిటీ తరఫున తనే తిరిగి ఇల్లు చూసి సున్నం వేయించారు. నాన్న హొసకోట నుంచి నెలకోసారి వచ్చి, ఏమైంది బావా అని సూటిగా అడిగేవాడు. మామగారూ సూటిగానే చెప్పేవారు. వాళ్లిద్దరూ అలా పనిచేయడం నేను చూసింది అప్పుడే. నాకు మాఘమాసంలో నొప్పులొచ్చాయి. బిడ్డ దక్కలేదు. నేను మాత్రం దక్కాను. మంత్రసాని చెప్పిందంతా విని, ఇక కడుపు పండదని డాక్టరు మా ఆయనతో చెప్పాడు. ఆ మాట నాన్న దాకా వెళ్లింది.

నర్సు ఉగాది దాటాక వచ్చింది. తెల్లచీర కట్టుకున్న చిన్న మనిషి, కన్నడం తప్ప తెలుగు రాదు. వచ్చిన వారానికే మా వెనక వీధిలో ఒక గొల్లల కోడలికి అడ్డం తిరిగిన బిడ్డను బతికించింది. పెరట్లో అంట్లు తోముతుంటే ఆ బిడ్డ ఏడుపు మా గోడ మీదుగా వినబడింది. చాలా గట్టిగా ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, మంచిదే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ఆ తర్వాత రెండు మూడు రోజులకు నాన్న వచ్చాడు. మామగారు పడసాలలోనే ఉన్నారు. నర్సు కుదురుకుందని ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. నాన్న మరచెంబు పక్కనే ఉంది గానీ దాని మీద చెయ్యి వేయలేదు. వంటింటి వైపు తిరిగి నన్ను పిలిచాడు.

"అమ్మా, తాగేకి నీళ్లు తీసకరా."

మామగారు తలెత్తి చూసి, లేచి బయటికి వెళ్లిపోయారు. నేను కుండలోంచి చెంబుతో నీళ్లు ముంచి తెచ్చి నాన్న చేతికిచ్చాను. ఆయన తల వంచుకుని, ఆపకుండా, చెంబు ఖాళీ అయ్యేదాకా తాగాడు. ఇంటికొచ్చినవాళ్లందరితో అనే అలవాటుకొద్దీ, అన్నం కూడా తిని వెళ్లమన్నాను. సరేనన్నాడు. ఆ తర్వాత నాన్న మా ఇంటికి ఎప్పుడు వచ్చినా మరచెంబు తేలేదు.