టక్కుమనని బెల్టు

ఈ రోజు మా కుక్క మోతికి సూది వేయించడానికి స్టేషన్ ఘన్‌పూర్ నుంచి జనగామ పశువుల దవాఖానకు కారులో బయలుదేరాను. తోడుగా మా అవ్వ వచ్చింది. పోయిన నెల మోతి ఉన్నట్టుండి నా ఒళ్లోకి దూకితే, కారు రోడ్డు మీద ఆరబోసిన వడ్లలోకి పోయింది. అందుకే ఈసారి దాన్ని వెనక సీట్లో కుక్కల బెల్టుతో బిగించాను.

జనగామ దగ్గర కానిస్టేబుల్ ఆపి, వెనక్కి తొంగిచూశాడు.

"శభాష్ అన్నా! కుక్క స్టీరింగ్‌కు అడ్డం రావద్దని రూలున్నది. ఎవ్వరూ పట్టించుకోరు."

అంతలో ఆయన చూపు ముందు సీట్లో ఉన్న అవ్వ మీద పడింది. "అవ్వా, మరి నీ బెల్టేది?"

"అది దుంకుతది బిడ్డా, కట్టేసినం. నన్నెందుకు కట్టేసుడు? నేనేమన్న పలుపు తెంపుకొని ఉరికే బర్రెనా?"

కానిస్టేబుల్ పడీ పడీ నవ్వాడు. నేను పెద్దమనిషిలా అందుకున్నాను. "కట్టేసుడు కాదవ్వా, రూలు. పెట్టుకో."

అవ్వ మూతి ముడుచుకుని బెల్టు పెట్టుకుంది. అది టక్కుమంది. వెంటనే నా వైపు అనుమానంగా చూసింది.

"నాది టక్కుమన్నది. నీది ఒక్కనాడన్న అనలేదేందిరా?"

పోలీసులకు కనబడేలా బెల్టును భుజం మీద ఊరికే వేసుకోవడం నాకు అలవాటు. అవ్వ ఒక్క లాగు లాగేసరికి అది ఆమె చేతిలోకి వచ్చేసింది. ఈసారి కానిస్టేబుల్ నవ్వలేదు.

కారు ఆపినప్పుడు మా ముగ్గురిలో చట్టప్రకారం కూర్చున్నది మోతి ఒక్కటే. నిజం చెప్పండి, మీ బెల్టు టక్కుమంటుందా?