చీమ తాగిన పాలు

పోయిన నెల ఒక సాయంత్రం, ఆళ్లగడ్డ బస్సు దిగిన మా పొరుగాయన నంద్యాలలో మా హాస్టలు గేటు దగ్గర నిలబడి, "మీ జేజి పోయింది తల్లీ. బేగా బయలుదేరు" అన్నాడు. జేజి అంటే మా నాయన తల్లి. బస్సు శిరివెళ్ల దాటేదాకా నాకు ఏడుపు రాలేదు. ఆమె మాటలే గుర్తుకొస్తూ ఉన్నాయి.

జేజి నోట్లో ఎప్పుడూ వక్కాకు ఉండేది, అందుకే మాట తక్కువ. ఎవరైనా ఏదైనా గట్టిగా చెబితే మాత్రం ఊసి వచ్చి, "సూసినావా, ఇన్నావా?" అని అడిగేది. విన్నదే అయితే మళ్లీ వక్కాకు వేసుకునేది.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో మా తమ్ముడు పుట్టాడు. వాడికి ఐదో నెల నడుస్తుండగా అమ్మకు మళ్లీ ముట్టు మొదలైంది. మా ఇంట్లో ముట్టయినవాళ్లు దొడ్లో కొట్టంలో కూర్చోవాలి, ఎవరూ తాకకూడదు. పాలు తాగే బిడ్డకు మాత్రం వెసులుబాటు ఉంది. ఒంటి మీద గుడ్డ లేకపోతే బిడ్డకు మైల అంటదు. చొక్కా విప్పి కొట్టం గడప ముందు నేల మీద పడుకోబెడితే తల్లి ఎత్తుకుంటుంది.

ఆ రోజు జేజి పెండ్లికని బండిఆత్మకూరు పోయింది. ఇంట్లో ఉన్నది ఆమె కూతురు, మా మేనత్త.

"ముట్టుపాలు తాపుతారా ఎవురన్నా? ఇసం అవి" అంది అత్త. మా వైపు తల్లిపాలను చీమతో పరీక్షిస్తారు. అమ్మ చేత గిన్నెలోకి పాలు పిండించి అత్త ఒక చీమను అందులో వేసింది. అది కాసేపు కొట్టుకుని ఆగిపోయింది.

"సూడు, చచ్చిపాయ."

అమ్మ కొంగు కప్పుకుని గోడ వైపు తిరిగింది. తమ్ముడికి ఉగ్గుగిన్నెతో బర్రె పాలు పోశారు. తాగినంతా కక్కాడు. మరునాటికి విరేచనాలు పట్టుకున్నాయి. సాయంత్రానికి ఏడవడానికి కూడా వాడికి గొంతు లేదు. కొట్టంలో అమ్మ రవిక పాలతో తడిసిపోయింది.

అప్పుడు వచ్చింది జేజి. "ఏందీ, బిడ్డ ఇట్లుండాడు?" అంది. అత్త చెప్పింది. జేజి వక్కాకు ఊసి, ఉగ్గుగిన్నెలో మిగిలిన పాలలో ఒక చీమను వేసింది. అదీ చచ్చింది.

"బర్రెగ్గూడా ముట్టయిందా?"

అత్త గిన్నెలోకి తొంగి చూసింది.

"నిన్ను బాయిలో ఏస్తే తేల్తావా? ఒక్క చుక్క ఈ బండ మీద పిండు కోడలా. చీమను దాని పాటికి రానీ."

అందరం చూస్తూ కూర్చున్నాం. ఒక చీమ వచ్చింది. తరువాత ఇంకొన్ని. చుక్క చుట్టూ తలలు వంచి తాగి, వచ్చిన దారినే పోయాయి.

"కోడలంటే అంత ముద్దు నీకు" అంది అత్త.

"నువ్వు రెండేండ్లు తాగిన పాలు ఏవనుకుంటివే? చచ్చినావా?"

జేజి తమ్ముడి చొక్కా విప్పి గడప ముందు పడుకోబెట్టింది. "ముట్టొచ్చిందంటే ఒళ్లు తేరుకుందని. పాలు ఆపమని కాదు. ఈ దినాల్లో రోంత తగ్గుతాయి. వాన్ని ఇంకోతూరి కుడవనీ."

తేరుకోవడం అన్న మాట నేను మొదట విన్నది అప్పుడే. పుస్తకాల్లో ఎక్కడ కనబడినా ఆ గడపే గుర్తొస్తుంది.

జేజి మైల లేదని ఎన్నడూ అనలేదు. అన్ని దినాలూ అమ్మ కొట్టంలోనే ఉంది, జేజి ఆమెను తాకలేదు. కానీ తమ్ముడు పరుగెత్తడం నేర్చేదాకా, ఏ నెలలోనూ వాడి పాలు ఆగలేదు.

ఆమెను పూడ్చిన మూడో నాడు పాలు పోయడానికి పోయాం. ఇప్పుడు బడికి పోతున్న తమ్ముడే చెంబు పట్టుకుని మట్టి మీద పోశాడు. మట్టి చాలావరకు పీల్చేసుకుంది. ఒక రాతి గుంటలో మాత్రం కొంచెం నిలిచింది. మేం తిరిగి బయలుదేరేసరికి దాని అంచున చీమలు చేరాయి. ముందు నడుస్తున్న అత్త వాటిని చూసి ఆగింది.

"తొక్కగాకండి" అని, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, వాటి మీదుగా అడుగు దాటించింది.