యూజువల్ అట, యూజువల్!

తిరుపతిలో పిల్లలకు స్పోకెన్ ఇంగ్లీషు చెప్పి బతుకుతున్నదాన్ని. ఏ మాట ఎంత విలువ చేస్తుందో నాకు తెలుసు. ఎలా ఉన్నావని ఎవరైనా అడిగితే "సేమ్ ఓల్డ్, సేమ్ ఓల్డ్" అనాలట. రోజూ పోయే హోటల్లో కూర్చుని "ద యూజువల్, ప్లీజ్" అనాలట, అంటే రోజూ తినేదే పెట్టమని. ఈ రెండు ముక్కలు నోటికి పట్టగానే మా పిల్లలు బెంగళూరులో కుర్చీ వేసుకుని కూర్చున్నట్టే మొహం పెడతారు. నేర్పుతాను, ఏం చేస్తాను. కానీ నేర్పిన ప్రతిసారీ నాకు నవ్వొచ్చేది. ఒక్క ఇంగ్లీషు ముక్క, ఆ మాటకొస్తే ఒక్క తెలుగు ముక్క కూడా ఖర్చు పెట్టకుండా మా నాయన రోజూ ఆ పని చేసుకొచ్చేవాడు.

నాయన బస్సు కండక్టరు. పాకాల, చిత్తూరు అని అరిచి అరిచి రాటుదేలిన గొంతు. డ్యూటీ ఎక్కే ముందు బస్టాండు పక్క సందులోని హోటల్లో టిఫిన్ చేసేవాడు. రిటైరయినా ఆ అలవాటు పోలేదు. ఆయన గడపలో కనబడగానే సర్వరు వంటింటివైపు తిరిగి "వచ్చినాడప్పా!" అని కేక వేసేవాడు. అంతే. సాంబారులో మునిగిన ఇడ్లీలు, వెనకాలే కారం దోశ, చక్కెర తక్కువ కాఫీ. ఏం కావాలని అడగడం అక్కడ కొత్తవాళ్ళకు చేసే మర్యాద. పాతవాళ్ళను అలా అడిగితే, నువ్వెవరో మరిచిపోయామని మొహం మీద చెప్పినట్టే.

పోయినేడు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ తిరిగొచ్చాయి గానీ మాట రాలేదు. ఎదుటివాళ్ళు చెప్పేదంతా అర్థమవుతుంది, బదులే చెప్పలేడు. చుట్టాలొస్తే లోపలి గదిలోకి పోయి తలుపేసుకునేవాడు. హోటలుకు మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక్కడే పోయేవాడు. ఊరు మొత్తంలో ఆయన మాట పోలేదన్నట్టు కూర్చోగలిగిన చోటు అదొక్కటే. అది ఉన్నంతకాలం మనిషి కుంగిపోడని నా ధైర్యం.

అంతలో ఆ హోటలు, ఓనరు పెద్దాయన చేతిలోంచి కొడుకు చేతికొచ్చింది. అతను బెంగళూరులో ఏం చూసొచ్చాడో ఏమో, కొన్నాళ్ళు మూసేసి, పాత బల్లలు పీకించి, నిలబడి తినే ఎత్తు బల్లలు వేయించాడు. అద్దాల తలుపు, ఏసీ, సెల్ఫ్ సర్వీసు. సర్వర్లందరినీ ఇంటికి పంపించాడు. గోడ మీద నిలువెత్తు ఇంగ్లీషు అక్షరాల్లో "వాట్స్ యువర్ యూజువల్?" అని రాయించాడు. సాంబారు మాత్రం నీళ్ళు. పైన పటారం, లోన లొటారం.

"ఇప్పుడంతా ఇట్లే అక్కా. కస్టమరుకు సొంతింటికి వచ్చినట్టు ఉండల్ల" అన్నాడు నాతో.

సొంతింట్లో ఎవరైనా మనిషిని నిలబెట్టి తిండి పెడతారా అని అడగాల్సింది. నాయనకు మళ్ళీ తలుపు తెరిచారన్న సంతోషంలో ఊరుకున్నాను.

తెరిచిన రోజు పొద్దున్నే ఆయన్ను బండి మీద తీసుకుపోయాను. దిగి, నన్ను బయటే ఉండమని చేత్తో చెప్పి లోపలికి నడిచాడు. జనం వస్తూ పోతూ ఉండడంతో తలుపు మూతపడడం లేదు, మాటలన్నీ వినబడుతున్నాయి.

కౌంటరులో టోపీ పెట్టుకున్న అమ్మాయి నేర్పిన చిలకలాగా "గుడ్ మార్నింగ్ సర్, యువర్ యూజువల్?" అంది.

ఇంట్లో నేను చెప్పే పాఠాల్లో ఆ మాట రోజూ ఆయన చెవినబడేదే. తనను గుర్తుపట్టారనుకున్నాడు మా పిచ్చి నాయన. మొహం విప్పారింది. గట్టిగా తలూపాడు.

"ఫోన్ నంబరు చెప్పండి సార్."

ఆయన ఏం తింటాడో గుర్తుపెట్టుకోవాల్సింది ఆ అమ్మాయి కాదు, మిషను. నాయన వంటింటివైపు చెయ్యి చూపించాడు. గాలిలో దోశంత సున్నా చుట్టాడు. ఆ పిల్ల చెవిటివాడితో మాట్లాడినట్టు గొంతు పెంచి "నంబరు సార్, నంబరు!" అంది. వెనక వరుసలోంచి ఎవరో విసుక్కున్నారు.

"మూగాయన మాదిరుండాడు. రోంత పక్కకు జరగమని చెప్పుమా."

నాయన పక్కకు జరిగాడు.

నేను లోపలికి పరిగెత్తి నా నంబరు ఇచ్చి, ఆయన తినేవన్నీ ఒక్కటీ తప్పకుండా చెప్పి ప్లేటు తెచ్చి ముందు పెట్టాను. "తిను నాయనా" అన్నాను. నేను నోరు తెరిచి అడిగి తెచ్చిన ఆ టిఫిన్‌ను ఆయన వేలితో కూడా ముట్టలేదు. మరుసటి పొద్దున చొక్కా వేసుకోలేదు. ఆ తర్వాత కూడా వేసుకోలేదు.

ఆ హోటలువాళ్ళు మాత్రం మమ్మల్ని మరిచిపోలేదు పాపం. రోజూ సరిగ్గా టిఫిన్ వేళకు నా ఫోనుకు ఇంగ్లీషులో మెసేజ్ పంపిస్తారు, మీ యూజువల్ మీకోసం ఎదురుచూస్తోందని. ఫోను మోగగానే మంచం మీది నుంచి నాయన, ఎవరన్నట్టు నావైపు చూస్తాడు.

"ఎవరూ కాదులే నాయనా" అంటాను.