ఐదు సెకన్ల గాలి

మాస్టారి ఇంట్లో కిటికీలు తెరిచి ఉన్నంతసేపూ బీరువా మీద ఏదో టకటకమంటూ ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఎలకేమో అనుకుంటారు. ఎలక కాదు. బారెడు ఇనప గొట్టం, దాని నోట్లో అరచేతంత పంకా. గాలి తగిలితే తిరుగుతుంది. స్టేడియం వాళ్లు కొత్త యంత్రం తెచ్చుకుని దీన్ని చెత్త సామానులో పారేస్తుంటే ఆయన అడిగి మరీ తెచ్చుకున్న పాత విండ్ గేజ్, గాలి వేగం కొలిచే యంత్రం, అది.

“ఆ పీనుగని ఇంట్లోంచి తీస్తారా, నన్ను వెళ్లిపొమ్మంటారా?” అని ఆయన భార్య నెలకోసారైనా అడుగుతుంది.

“అదేం చేసిందే నిన్ను?”

“నన్నేం చెయ్యలేదు. మిమ్మల్నే ఏదో చేసింది. అది తిరిగినప్పుడల్లా మీ పెదాలు కదుల్తాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. అక్కడ ఆగిపోతారు. గాలి సోకినవాళ్ల గురించి విన్నాను గానీ గాలిని లెక్కపెట్టే మనిషిని మిమ్మల్నే చూశాను.”

ఆయన నవ్వేస్తారు. ఆ నవ్వు కళ్ల దాకా రాదని ఆవిడకు తెలుసు.

ఆయన అసలు ఉద్యోగం కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో. త్రాసుల మీద దుమ్ము తుడవడం, స్టాప్ వాచీలకు కీ ఇవ్వడం, థర్మామీటరు పగలగొట్టిన పిల్లల్ని కళ్లతోనే వణికించడం. ఒక ఏడాది ఆటల పోటీలకు గాలి కొలిచే మనిషి దొరక్కపోతే, “యంత్రాలంటే నీకే తెలుసు, నువ్వెళ్లు” అని ప్రిన్సిపాల్ ఆయన్ని పంపించారు. ఒక్కరోజు పని అని వెళ్లిన మనిషి ముప్పయ్యేళ్లపాటు పరుగుబాట పక్కన స్టూలు వదల్లేదు. ఊరంతా గాలి మాస్టారనడం మొదలుపెట్టింది. పరుగు పందెంలో ఓడినవాళ్లు మాత్రం ఇంకా చాలా పేర్లు పెట్టారు.

ఓడినవాళ్ల సంగతి సరే, గెలిచినవాళ్లకు కూడా ఆయనంటే బెదురే. వెనకనుంచి సెకనుకు రెండు మీటర్ల వేగంతో గాలి వీస్తే, వంద మీటర్ల పరుగులో దాదాపు సెకనులో పదో వంతు కలిసొస్తుంది. అంతకు మించిన గాలి ఉంటే గెలిచినవాళ్లకు పతకం ఇస్తారు, రికార్డు ఇవ్వరు. లాంగ్‌జంప్‌కీ అదే లెక్క. అదీగాక, యంత్రం మీద 2.03 కనిపిస్తే కాగితం మీద 2.0 అని రాయకూడదు. చివర మిగిలిన ముక్క ఎంత చిన్నదైనా పైకే జరిపి 2.1 అని రాయాలి. కొత్తలో చాలామంది ఇక్కడే తడబడతారు. మాస్టారు ఒక్కసారి కూడా తడబడలేదు.

ఆయన భార్యకు తెలిసిన కథ ఇంతవరకే. ఇరవై రెండేళ్ల కిందట ఒక అమ్మాయి ఆరు మీటర్ల పద్నాలుగు సెంటీమీటర్లు దూకింది. స్టేడియం గోడ మీద రాసి ఉన్న రికార్డు కన్నా అయిదు సెంటీమీటర్లు ఎక్కువ. ఇప్పుడు బీరువా మీదున్న యంత్రమే అప్పుడు 2.03 చూపించింది. ఆయన 2.1 రాశారు. రికార్డు పోయింది. “రూలు ప్రకారమే రాశారుగా, ఇంకా ఎందుకండీ మనసులో పెట్టుకోవడం?” అంటుంది ఆవిడ. ఆ మాటకు జవాబు చెప్పాలంటే మిగతా కథ చెప్పాలి. అది ఆయన ఎవరికీ చెప్పలేదు.

లాంగ్‌జంప్‌లో గాలిని ఐదు సెకన్లే కొలుస్తారు. పరుగుబాట పక్కన, దూకే చెక్కకు నలభై మీటర్ల దూరంలో ఒక ఎర్ర కోన్ పెడతారు. పరిగెత్తేవాళ్లు ఆ కోన్ దాటగానే మీట నొక్కాలి. పొద్దుటినుంచీ ఆయన అలాగే నొక్కుతున్నారు. కళ్లు కోన్ మీద, బొటనవేలు మీట మీద. ఆ అమ్మాయి మొదటి ఐదుసార్లూ కోన్‌కి అవతలినుంచే బయల్దేరింది. ఆరోసారికి కాళ్లు అలిసిపోయాయి కాబోలు, పరుగులో నాలుగు అంగలు తగ్గించుకుని, కోన్‌కి ఇవతలికొచ్చి నిలబడింది. అలా నిలబడితే, పరుగు మొదలెట్టిన క్షణంలోనే మీట నొక్కాలి. ఆ రూలు కూడా ఆయనకు తెలుసు. కానీ ఆయన ఆ అమ్మాయిని చూడలేదు. కోన్‌నే చూస్తున్నారు, ఎవరో ఒకరు వచ్చి దాన్ని దాటుతారని.

అడుగుల చప్పుడు విని తలతిప్పేసరికి ఆ అమ్మాయి చెక్కకు మూడంగల దూరంలో ఉంది. వేలు దానంతటదే మీట నొక్కేసింది. ఆమె లేచింది, గాల్లో కాళ్లాడించింది, ఇసకలో పడింది. అప్పటిదాకా జెండా కొయ్యకు అతుక్కుపోయినట్టుంది. ఆమె లేచి నిలబడి రెండుసార్లు ముంజేతి వెనకవైపుతో ఇసక దులుపుకున్నాక వచ్చింది గాలి, తలుపు తోసుకొచ్చినట్టు. వీపు మీది నంబరు కాగితం అప్పుడు రెపరెపలాడింది. యంత్రం ఐదు సెకన్లూ లెక్కపెట్టి ఆగింది. 2.03.

“కొలవలేదు” అని రాయచ్చు. రాసినా రికార్డు రాదు, గాలి తెలియని దూకుకి రికార్డు ఉండదు. రెండు రకాలుగానూ ఆ పిల్లకు పోయేదే కదా అని ఆయన తనకు తాను చెప్పుకున్నారు. కానీ ఒకదాంట్లో తప్పు తనది, రెండోదాంట్లో గాలిది. ఆయన 2.1 రాశారు.

కాసేపటికి ఆ అమ్మాయి చెప్పులు చేత్తో పట్టుకుని స్టూలు దగ్గరికొచ్చింది.

“సార్, నా వీపుకి గాలి తగల్లేదండి.”

“యంత్రం అబద్ధం చెప్పదమ్మా” అన్నారు మాస్టారు.

ఆమె ఇంకోమాట అనకుండా తలూపి వెళ్లిపోయింది. ఆ తలూపడమే ఆయన వెంటపడింది. పోట్లాడి ఉంటే ఈపాటికి మరిచిపోయేవారేమో. ల్యాబ్‌లో కర్టెన్ కదిలినా, బస్సు కిటికీలోంచి చెంపకు గాలి తగిలినా, వెనక ఎవరో ఇసక దులుపుకుంటున్నట్టుండేది. వెంటనే లెక్క మొదలు. ఒకటి, రెండు. ఐదు దాకా లెక్కపెట్టి వెనక్కి తిరిగితే ఎవరూ ఉండరు.

మొన్న స్టేడియం వాళ్లు, కొత్తగా పోటీల అధికారులవుతున్న పీటీ టీచర్లకు గాలి గురించి ఒకపూట క్లాసు చెప్పమన్నారు. మాస్టారు పాత గేజ్‌ని దుప్పట్లో చుట్టి చంకన పెట్టుకుని బయల్దేరారు.

“హమ్మయ్య, అత్తారింటికి పంపిస్తున్నారా?” అంది భార్య.

“సాయంత్రానికి తీసుకొచ్చేస్తాను.”

“అదే నా ఖర్మ.”

స్టేడియం మెట్ల కింది గదిలో పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు. మూడో వరసలో ఒకావిడ కూర్చోబోతూ ముంజేతి వెనకవైపుతో కుర్చీని రెండుసార్లు దులిపింది. మాస్టారి చేతిలో సుద్దముక్క విరిగింది.

గాలి గురించి గంటసేపు చెప్పారు. వంద మీటర్లకు పది సెకన్లు కొలవాలని, హర్డిల్స్‌కి పదమూడని, రెండువందలకు పరుగెత్తేవాళ్లు మలుపు తిరిగి నేరుగా ఉన్న బాటలోకి వచ్చాకే కొలత మొదలని. లాంగ్‌జంప్ దగ్గరికి చివర్లో వచ్చారు.

“కోన్‌కి ఇవతలినుంచి పరిగెత్తితే... మొదటి అడుగుకే నొక్కాలి. కోన్ కోసం చూడకూడదు.”

వెనక వరసలోంచి ఒక లావుపాటి టీచరు అందుకున్నాడు. “చూస్తూ కూచున్నామనుకోండి మాస్టారూ! పిల్ల ఇసకలో ఉంటుంది, మీట మన చేతిలోనే ఉంటుంది. మధ్యలో గాలి ఎవరి ఖాతాలో వెయ్యాలి?”

గదంతా గొల్లుమంది. మూడో వరసలోని ఆవిడ కూడా నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని హాయిగా నవ్వింది. ఆ నవ్వు చూసి మాస్టారికి అర్థమైంది, ఈవిడకు ఏమీ తెలియదు. ఇరవై రెండేళ్లలో ఒక్క అనుమానం కూడా రాలేదు.

టీ ఇచ్చే వేళకు ఆమే దగ్గరికొచ్చింది.

“గుర్తుపట్టారా సార్? పట్టుండరులెండి, ఎన్ని వందలమందిని చూసుంటారు. ఒకసారి ఇక్కడే ఆరు పద్నాలుగు దూకాను.”

“గుర్తుంది” అన్నారు మాస్టారు.

“మీరన్న మాట మా స్కూల్లో పిల్లలకి ఇప్పటికీ చెప్తుంటాను. యంత్రం అబద్ధం చెప్పదు, మన ఒళ్లే మనకి అబద్ధం చెప్తుంది అని.” ఆమె టీ ఊదుకుంది. “నిజం సార్. ఆరోజు గాలి తగిలినట్టే లేదు నాకు. తర్వాత రెండేళ్లు దూకాను. ఆరు మీటర్లు కూడా దాటలేదు. అమ్మ ఏడిస్తే చెప్పాను, అది నేను దూకింది కాదే, గాలి దూకింది అని. మానేశాక ప్రాణం కాస్త తేలికపడింది.”

మాస్టారు టీ గ్లాసు కిటికీలో పెట్టారు. చెప్పకపోతే ఈవిడ ప్రాణం అలా తేలిగ్గానే ఉంటుంది. చెబితే ఏమిస్తారు ఈవిడకి? గోడ మీద పేరు రాదు, పోయిన ఏళ్లు రావు. కానీ ఆ ఒక్క దూకూ ఎవరిదో తెలిసిన మనిషి భూమ్మీద తనొక్కడే. రేపు తను పోతే అది నిజంగానే గాలిది అయిపోతుంది.

“ఒకసారి బయటికి రండమ్మా” అన్నారు.

పరుగుబాట పక్కన నిలబడి చెప్పారు. కోన్, మూడంగలు, జెండా, నంబరు కాగితం, అన్నీ. క్షమించమని అడగలేదు. అడగడానికి మొహం చెల్లలేదు. అంతా అయ్యాక ఆమె ఇసక వైపు తిరిగింది.

“అయితే నా వీపు నిజమే చెప్పిందన్నమాట.”

“నిజమే చెప్పిందమ్మా.”

“పదహారేళ్ల పిల్లలకి నేను అబద్ధం నేర్పుతున్నానన్నమాట, మీ పేరు చెప్పి.”

మాస్టారు తల దించుకున్నారు. తిడుతుందనుకున్నారు. ఆమె వెళ్లి దూకే చెక్క దగ్గర్నించి అంగలు లెక్కపెట్టుకుంటూ వెనక్కి నడిచింది. క్లాసు కోసం పెట్టిన కోన్‌కి ఇవతల ఒకచోట మడమతో గీత గీసింది. లెక్క ఏమాత్రం మరిచిపోలేదు.

“ఇక్కడికి వచ్చి నిలబడండి సార్.”

నిలబడ్డారు.

“కోన్ కనిపిస్తోందా?”

“లేదమ్మా. వెనకుంది.”

“నాకూ అంతే. నా వెనక ఏం జరిగిందో నాకేం తెలుసు?” ఆమె లోపలికి వెళ్లి పాత గేజ్ తెచ్చి స్టాండుకు బిగించింది. స్టూలు లాక్కుని కూర్చుని మీట పట్టుకుంది. “పరిగెత్తండి.”

“మోకాళ్లు...”

“చేతనైనంత.”

ఆయన పరిగెత్తారు. పరుగంటే పరుగు కాదు, బస్సు దాటిపోతుంటే పెద్దవాళ్లు వేసే అడుగులు. మొదటి అడుగుకే టక్కుమని మీట చప్పుడు వినిపించింది. పంచె కాళ్లకు అడ్డం పడుతోంది. పెదాలు వాటంతటవే లెక్కపెడుతున్నాయి. ఐదు అయ్యేసరికి సగం దూరం కూడా రాలేదు. చెక్క దాకా ఈడ్చుకుంటూ వెళ్లి నిలబడి ఆయాసపడ్డారు.

“సున్నా పాయింట్ మూడు ఏడు” అని ఆమె గట్టిగా చదివింది. “సున్నా పాయింట్ నాలుగు రాస్తున్నాను. సరేనా?”

“సరే” అన్నారు మాస్టారు.

అప్పుడు వచ్చింది గాలి. మెడ వెనక తగిలి, చొక్కాను ఉబ్బించి, ఇసకను లేపుకుంటూ పోయింది. గేజ్‌లో పంకా గిర్రున తిరిగింది. ఆయన పెదాలు మళ్లీ కదిలాయి. ఒకటి, రెండు...

“ఆపండి సార్” అంది ఆమె, స్టూలు మీంచి లేవకుండానే. “అది లెక్కలోకి రాదు.”

మూడు ఆయన నోట్లోనే ఉండిపోయింది. ఆమె కాగితం మడిచి తన సంచిలో పెట్టుకుంది. పంకా మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.