గడపకు అడ్డం పెట్టిన అయిదక్షరాల మాట

ఆమదాలవలస నుంచి విజయనగరం ఆఫీసుకు రోజూ రైల్లో వెళ్ళొస్తాను. సీటు దొరకగానే ఫోన్ తీసి అయిదక్షరాల ఇంగ్లీషు మాట వెతకడం నా పని. ఆరు అవకాశాలిస్తారు. మనం కొట్టిన అక్షరం సరైన గడిలో పడితే పచ్చబడుతుంది, మాటలో ఉండీ చోటు తప్పితే పసుపు రంగుకు మారుతుంది. మాట దొరికిందా, ఇక నన్ను పట్టలేరు. పక్కన కూర్చున్నావిడ ఎవరైనా సరే, చెయ్యి పట్టుకుని ఊపేస్తాను. ఇంట్లో మాత్రం ఈ పిచ్చి నాకొక్కదానికే. మా ఆయనకు చూపిస్తే, "దొరికితే ఏటొస్తాది?" అంటారు. ఏమొస్తుందో చెబితే అర్థమయ్యే మనిషైతే అసలు ఆ ప్రశ్నే అడగరు.

మా తమ్ముడికి పాతపట్నం పిల్లతో సంబంధం కుదిరింది. నిశ్చితార్థం రోజు ఆ అమ్మాయి ఫోన్ పక్కన పెడుతుంటే తెరమీద పచ్చ గడులూ పసుపు గడులూ కనిపించాయి. అదే ఆట! నాకు తోబుట్టువంటే తమ్ముడొక్కడే, వాడికి క్రికెట్ తప్ప మరోటి పట్టదు. ఈ పిల్లను ఎలాగైనా నా మనిషిని చేసుకోవాలని అక్కడే అనుకున్నాను. పక్కన చేరి కబుర్లు మొదలుపెట్టాను. నేను పది మాటలంటే తను "అవునండి", "లేదండి" అని ఊరుకుంది. తిరిగొచ్చేటప్పుడు కారులో మా పిన్ని, "పిల్ల బాగుంది గానీ గీర ఉన్నట్టున్నాది. నీతో కలవదే," అంది. పిన్ని మీదికి ఒంటికాలి మీద లేచాను గానీ, నాకూ లోపల అదే భయం.

కొత్త జంట ఇంటికొచ్చినప్పుడు ఆడపడుచు గడపకు అడ్డంగా నిలబడి, ఒకరి పేరు ఒకరు చెబితేనే లోపలికి రానివ్వడం మాలో ఆనవాయితీ. మా అమ్మ కాలంలో పెనిమిటి పేరు పలకడానికి సిగ్గుతో చచ్చిపోయేవారట. వీళ్ళిద్దరూ నిశ్చితార్థం నాటి నుంచే ఫోన్లో పేర్లు పెట్టి పిలుచుకుంటున్నారు, ఇంకేం సిగ్గు! అందుకని నేనొక కొత్త షరతు తయారుచేశాను. తమ్ముడి పేరు 'వి'తో మొదలవుతుంది, ఆ పిల్లది 'కె'తో. ఆ రెండక్షరాలూ ఉన్న అయిదక్షరాల ఇంగ్లీషు మాట చెప్పాలి. జవాబుగా 'ఇవోక్' (ఇ, వి, ఓ, కె, ఇ) అనే మాట రైల్లోనే ఆలోచించి పెట్టుకున్నాను. ఆ పిల్లకు ఇష్టమైన ఆటతోనే దగ్గరవ్వొచ్చని నా సంబరం.

పాతపట్నంలో రాత్రి పెళ్ళి చేసుకుని పొద్దున్నే కారు దిగారు. హారతి అయింది. గడప మీద బియ్యం చెంబు పెట్టారు. నేను రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడి షరతు చెప్పాను. చుట్టాలంతా ఈలలు, కేకలు.

"వర్క్!" అన్నాడు తమ్ముడు.

"అది డబుల్యూరా, పైగా నాలుగే," అన్నాను.

"ఒలమ్మ, నిద్దర్లేదే, ఒగ్గేయ్యే అప్పా!" అని బతిమాలాడు. నేను వదల్లేదు. నా కళ్ళన్నీ ఆ పిల్ల మీదే.

ఆ పిల్ల తల దించేసుకుంది. మొహం ఎర్రబడింది. పెదాలు గట్టిగా బిగబట్టింది. "తెలుసా?" అని అడిగితే తల అడ్డంగా ఊపింది, వెంటనే ఆపేసింది. లోపలినుంచి పంతులుగారు, "అమ్మా, వర్జ్యం వచ్చేస్తాది, బేగి కానివ్వండి," అన్నారు. మా అమ్మకు కోపమొచ్చింది. "ఒసే, నీ ఇంగిలీసు తగలెయ్య! పిల్ల ఏడుస్తన్నాది, సూడు!"

నా ప్రాణం ఉసూరుమంది. దగ్గర చేసుకోబోయి, వచ్చిన రోజునే పదిమందిలో అవమానించానా? ఇంక ఈ జన్మలో నాతో మాట్లాడదు అనుకుని చేతులు దించేశాను.

అప్పుడు ఆ పిల్ల కొంగుముడి లాగుతున్నా ఒకడుగు ముందుకొచ్చి, నా చెవి దగ్గర నోరు పెట్టింది.

"వోడ్కా," అంది. "ఇందాకే తట్టింది వదినా. ఇంతమంది పెద్దోల ముందు ఎలాగ సెప్పీదండి?"

వి, ఓ, డి, కె, ఎ. అయిదూ సరిపోయాయి! ఏడుపు కాదది, ఇంతసేపూ నవ్వు ఆపుకుంటోంది! నాకు ఒళ్ళంతా పులకరించింది. "కరెక్ట్!" అని వీధి దద్దరిల్లేలా అరిచాను.

"పైకి సెప్పాల! పైకి సెప్పాల!" అని పిన్ని కూతుళ్ళు గోల. మా అమ్మ కూడా, "ఏటే అది? నాకూ సెప్పు," అని ముందుకొచ్చింది. ఆ పిల్ల బిక్కచచ్చిపోయి నా వైపు చూసింది.

"ఇవోక్!" అన్నాను తడుముకోకుండా.

"అంటే ఏటి?"

"మేలుకొలపడం లాంటిదమ్మా."

"దేవుడికి పాడతారు, అలాగా?"

"ఆఁ, అలాగే."

అమ్మ మొహం వెలిగిపోయింది. నేను పక్కకు తప్పుకున్నాను. ఆ పిల్ల కుడికాలితో బియ్యం చెంబును తన్నింది. గింజలు హాలంతా పరుచుకున్నాయి.

మధ్యాహ్నం వీధిలో ఆడవాళ్ళంతా కొత్తకోడల్ని చూడ్డానికొచ్చారు. చాప మీద తనని కూర్చోబెట్టి పక్కన నేను కూర్చున్నాను. అమ్మ వచ్చినవాళ్ళకల్లా, "మా కోడలు గడపకాడే దేవుడి మాట సెప్పింది, అదీ ఇంగిలీసులో! ఎంత బక్తో!" అని చెబుతోంది. ఒకావిడ రెండు చేతులూ జోడించి, ఆ మాట మళ్ళీ ఒకసారి చెప్పమ్మా అని అడిగింది.

ఆ పిల్ల వినయంగా తల వంచుకుంది. పట్టుచీర చాటునుంచి చెయ్యొచ్చి నా నడుం మీద గట్టిగా గిల్లింది.

"వదినా, మీరు నవ్వేరంటే సంపేస్తాను," అంది పళ్ళ సందులోంచి.

అత్తారింట్లో అడుగుపెట్టిన రోజే ఆడపడుచుని చంపేస్తానన్న కోడల్ని మా వీధిలో ఎవరూ చూసి ఉండరు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. నవ్వేశాను.